రేసు మధ్యలో సైకిల్ మొరాయిస్తే: విశాఖ కొండదారుల్లో ఎలా నెట్టుకురావాలి

మౌంటెన్ బైక్ రేసు మధ్యలో చేసే రిపేరుకీ, ఆదివారం పూట ఇంటి వరండాలో తీరిగ్గా చేసే రిపేరుకీ పోలిక లేదు. ఇంట్లో అయితే ప్రతి గేరూ టక్కున పడాలి, బ్రేకు కీచుమనకూడదు, రిమ్ వెంట్రుకవాసి కూడా ఊగకూడదు. రేసులో అవేవీ అక్కర్లేదు. చక్రం తిరగాలి, తొక్కితే బండి కదలాలి, పట్టుకుంటే ఆగాలి. ఈ మూడూ కుదిరితే బయల్దేరిపోవడమే. చాలామంది టైం పోగొట్టుకునేది రిపేరు చేతకాక కాదు, అవసరానికి మించి బాగుచేయబోయి. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే చదవండి.

ఇక్కడ ఏం పోతుంది, ఎందుకు పోతుంది

కంబాలకొండ, సింహాచలం కొండలు, యారాడ వైపు, భీమిలి దారిలోని మెట్టలు. ఎక్కడ తొక్కినా కింద ఉండేది ఎక్కువగా ఖోండలైట్ రాయి. అది చీకి ఎర్రమట్టిగా, చిల్లరాళ్లుగా రాలుతుంది. గట్టి నేల మీద వదులు గులక పరిచినట్టు ఉంటుంది దారి. మధ్యలో పలుగురాళ్లు. వాటి అంచు టైరు పక్కగోడని బ్లేడులా కోసేస్తుంది. దీనికి తోడు ముళ్లు. సర్కారు తుమ్మ ముల్లు పొడుగ్గా, తిన్నగా దిగుతుంది. పల్లేరు కాయ ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. తీరం వైపు ఇసుక నేలల్లో పల్లేరు మరీ ఎక్కువ. జీడితోటల్లో ఇంకో ఇబ్బంది: ఎండుటాకుల కింద రాయి ఉందో వేరు ఉందో కనపడదు, వెనక డిరైలర్ (చెయిన్ని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) దానికి తగిలి వంగుతుంది.

ఇక ఉప్పుగాలి. సముద్రానికి దగ్గరలో ఇల్లున్నవాళ్ల సైకిళ్లకి కేబుల్ తీగలు, చెయిన్ లింకులు, చిన్న బోల్టుల తలలు ముందుగా తుప్పు పడతాయి. రేసులో ఆలెన్ కీ పెట్టి తిప్పితే బోల్టు తల గుండ్రంగా అరిగిపోవడానికి సగం కారణం ఇదే. భీమిలి తీరం ఇసుకలో గార్నెట్ ఉంటుంది. గరుకు కాగితాల తయారీలో వాడేది ఈ ఖనిజాన్నే. రేసుకి ముందు రోజు సరదాగా బీచ్‌లో తొక్కి, కడగకుండా తెల్లారి కొండెక్కితే చెయిన్ని మీరే గరుకు కాగితంతో రుద్దుకున్నట్టు.

ఒక మాట. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. ఎర్రమట్టి దిబ్బల్ని భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు, ఆ గుట్టల మీద టైరు జాడలు పడితే చెరగవు. ప్రాక్టీసుకి వేరే చోట్లు బోలెడున్నాయి.

ముందు రోజు సాయంత్రం

రిపేర్లలో సగం ఇక్కడే తప్పించుకోవచ్చు. ట్యూబ్‌లెస్ టైరులో చిన్న చిల్లుల్ని మూయడానికి పోసే ద్రవం, అంటే సీలెంట్, ఎండిపోయిందేమో చూడండి: చక్రం తీసి చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడాలి. మన ఎండకి, వేడికి అది రెండు మూడు నెలల్లో గట్టిపడి ముద్ద కడుతుంది, కాబట్టి ‘మొన్ననే పోశాను కదా’ అని వదిలేయకండి. 29 అంగుళాల చక్రానికి 2.3 టైరైతే సుమారు 100 మిల్లీలీటర్లు పోయాలి. గాలి సంగతికొస్తే, 70 కిలోల మనిషికి ఈ రాళ్ల మీద ట్యూబ్‌లెస్‌లో 22 నుంచి 26 పీఎస్ఐ, ట్యూబు ఉంటే 30 దాకా పెట్టుకుంటే బాగుంటుంది. ట్యూబున్న టైరులో గాలి మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్‌కీ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి.

యాక్సిళ్లు (చక్రాల ఇరుసులు), పెడళ్లు, క్రాంక్ (పెడల్ బిగించే చెయ్యి) బోల్టులు, హ్యాండిల్ స్టెమ్, సీటు బోల్టు ఒక్కసారి కీతో చూసుకోండి. బిగించడమంటే బలం చూపించడం కాదు, కార్బన్ భాగాల మీద అసలే కాదు. తుప్పు పట్టిన బోల్టుని ఆ సాయంత్రమే మార్చేయండి.

వెంట ఉండాల్సినవి: ఒక ట్యూబు, రెండు ప్లాస్టిక్ టైరు లీవర్లు, ప్లగ్ దూర్చే పరికరం, చిన్న పంపు లేదా రెండు గ్యాస్ కార్ట్రిడ్జ్‌లు, చెయిన్ బ్రేకర్ ఉన్న మల్టీటూల్, మీ చెయిన్ స్పీడుకి (వెనక ఉన్న పళ్లచక్రాల సంఖ్యకి) సరిపడే, తెగిన చెయిన్ని కలిపే క్విక్ లింక్ జత, మీ ఫ్రేముకి సరిపడే డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేముకి తగిలించే లోహపు ముక్క) ఒకటి, వాల్వు కోర్ ఒకటి, పాత టైరు ముక్క ఒకటి, పంపుకి చుట్టుకున్న ఇన్సులేషన్ టేపు. క్విక్ లింక్ విషయంలో ‘ఏదో ఒకటి’ కుదరదు. 12 స్పీడ్ చెయిన్‌కి 10 స్పీడ్ లింకు పెడితే వెడల్పు ఎక్కువై పక్క పళ్లకి రాసుకుంటుంది. హ్యాంగర్ కూడా అంతే, ఒక కంపెనీ ఫ్రేముది ఇంకోదానికి పట్టదు. 2019లో శ్రామ్ కంపెనీ యూడీహెచ్ అనే అందరికీ ఒకటే హ్యాంగర్ తెచ్చాక కొత్త ఫ్రేముల్లో ఈ బాధ కాస్త తగ్గింది. పాత ఫ్రేములవాళ్లు ముందే తెప్పించుకుని దగ్గర పెట్టుకోవాలి, రేసు వారంలో వెతికితే దొరకదు.

ట్యూబుని బ్యాగు అడుగున పడేసి దాని మీద పరికరాలు వేయకండి. పరికరాల మొనలు రాసుకుని బ్యాగులోనే చిల్లు పడుతుంది. పాత సాక్సులో చుట్టి పెట్టండి, ఆ సాక్సు తర్వాత చేతికి తొడుక్కోవడానికీ పనికొస్తుంది. కార్ట్రిడ్జ్‌లని ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద వదిలేయకండి.

ఆగగానే ఏం చేయాలి

మొదట దారిలోంచి పక్కకి తప్పుకోండి. వెనక వచ్చేవాడు మలుపులో మీ మీద పడితే రిపేరు కాదు, ఆస్పత్రి. తర్వాత ఒక్క గుక్క నీళ్లు తాగి, బండిని పై నుంచి కింద దాకా చూడండి. చేయి పెట్టకుండా, ఊరికే చూడండి. చెయిన్ ఎక్కడుంది, డిరైలర్ తిన్నగా ఉందా, చక్రం ఊగుతోందా, గాలి ఉందా. గుండె దడదడలాడుతుంటే చేతులు ముందు పని మొదలుపెట్టేసి, బుర్ర తర్వాత ఆలోచిస్తుంది. చెయిన్ పడిపోయిందనుకుని ఎక్కించేస్తాం. అసలు పడిపోయింది హ్యాంగర్ వంగబట్టి అని గమనించం, మళ్లీ వంద మీటర్లకే పడుతుంది.

ఇక లెక్క వేసుకోండి. ప్లగ్‌తో పోయేదైతే ఒక నిమిషం. ట్యూబు వేయాలంటే అలవాటున్న చేతికి నాలుగైదు నిమిషాలు. టెక్నికల్ జోన్ (రేసు దారిలో మెకానిక్ సాయం అందే చోటు) 300 మీటర్ల దూరంలో ఉంటే బండి భుజాన వేసుకుని పరిగెత్తడమే మేలు కావచ్చు. కిలోమీటరు ఎక్కుడు మిగిలి ఉంటే ఉన్నచోటే చేయాలి.

బండిని పడుకోబెట్టాల్సి వస్తే ఎడమ వైపు మీదికే పడుకోబెట్టండి, చెయిన్, డిరైలర్ ఉన్న కుడి వైపు పైకి ఉండాలి.

పంక్చర్

రేసుల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

ట్యూబ్‌లెస్ టైరులోంచి బుస్సుమని గాలి పోతుంటే, తెల్లగా సీలెంట్ చిమ్ముతుంటే, చిల్లు ఎక్కడుందో అదే చెబుతోంది. ఆ చోటు నేల వైపుకి వచ్చేలా చక్రం తిప్పి పదిహేను, ఇరవై సెకన్లు ఆగండి. సీలెంట్ అడుగుకి చేరి దానంతటదే మూసుకోవచ్చు. బుడగలు చిన్నవై ఆగిపోతే కాస్త గాలి పట్టి వెళ్లిపోండి.

టైరులో ముల్లు కనపడిందనుకోండి. వెంటనే పీకేయాలనిపిస్తుంది. పీకొద్దు. గాలి పోకుండా అదే అడ్డం పెట్టి ఉంది. గాలి నిలబడుతుంటే ముల్లు అక్కడే ఉంచి తొక్కండి, రేసయ్యాక తీరిగ్గా తీయొచ్చు. గాలి పోతూ ఉంటేనే, అదీ ప్లగ్ చేతిలో సిద్ధంగా పెట్టుకున్నాకే, పీకాలి.

ప్లగ్ అంటే కారు, మోటార్ సైకిల్ ట్యూబ్‌లెస్ టైర్లకి పంక్చర్ షాపులో దూర్చే జిగురు పట్టీ లాంటిదే, ఇది సన్నగా ఉంటుంది. సూదికి పట్టీ మధ్యకి వచ్చేలా ఎక్కించి, చిల్లులోకి తిన్నగా గట్టిగా నెట్టండి, రెండు కొసలూ ఒక సెంటీమీటరు బయట మిగిలేదాకా. తర్వాత సూదిని తిప్పకుండా ఒక్క లాగుతో బయటికి తీయండి. మిగిలిన తోకల్ని కత్తిరించాల్సిన పని లేదు, నేల రాపిడికి అవే పోతాయి. ఒకటి చాలకపోతే పక్కనే రెండోది దూర్చండి. మూడోది కూడా నిలబడలేదంటే కోత పెద్దది, ట్యూబుకి వెళ్లాల్సిందే.

గ్యాస్ కార్ట్రిడ్జ్ వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. గ్యాస్ బయటికొచ్చేటప్పుడు లోహం మంచుగడ్డలా చల్లబడుతుంది, గ్లవ్ లేకుండా పట్టుకుంటే చర్మం అంటుకుంటుంది. రెండోది, వాల్వు పై వైపు ఉండేలా చక్రం పెట్టి పట్టండి. వాల్వు అడుగున ఉంటే చల్లటి గ్యాస్ నేరుగా సీలెంట్ మీద పడి దాన్ని గడ్డకట్టిస్తుంది. 16 గ్రాముల కార్ట్రిడ్జ్‌తో 29 అంగుళాల పెద్ద టైరు గట్టిగా నిండదు, తొక్కడానికి సరిపడేంత వస్తుంది. ఈ గ్యాస్ ట్యూబు రబ్బరులోంచి మామూలు గాలి కంటే తొందరగా ఇంకిపోతుంది కూడా. నన్నడిగితే లాంగ్ రేసుకి పంపు, షార్ట్ రేసుకి కార్ట్రిడ్జ్. పంపుతో చేతులు పడిపోతాయి నిజమే, కానీ పంపు అయిపోదు.

ఇక ట్యూబు వేయడం. వెనక చక్రమైతే ముందు చెయిన్ని అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి దించండి, చక్రం తేలిగ్గా వస్తుంది. యాక్సిల్ తీసి చక్రం బయటికి లాగాక బ్రేకు లీవరు పొరపాటున కూడా నొక్కొద్దు. రోటర్ (చక్రానికి ఉండే బ్రేకు డిస్క్) మధ్యలో లేకుండా నొక్కితే బ్రేకు ప్యాడ్లు రెండూ దగ్గరకి అతుక్కుపోతాయి, తర్వాత రోటర్ దూరదు. నొక్కేశారా, కంగారు లేదు, ప్లాస్టిక్ లీవరు కొస ప్యాడ్ల మధ్య దూర్చి మెల్లగా విడదీయండి.

టైరు ఒక పక్క అంచు మాత్రమే విప్పండి. ట్యూబ్‌లెస్ వాల్వు ఉంటే నట్టు తీసి దాన్ని జేబులో వేసుకోండి, గడ్డిలో పడేస్తే మళ్లీ కనపడదు. ఇప్పుడు అసలు పని: టైరు లోపలంతా తడిమి చూడాలి. ఇది మానేసి ట్యూబు వేసేవాళ్లే ఎక్కువ. ట్యూబ్‌లెస్ టైరు మన దారుల్లో కొన్నాళ్లు తిరిగాక లోపల పరిశీలించండి, సీలెంట్ మూసిన ముళ్లు గోరంత, ధాన్యపు గింజంత మొనలతో వరసగా బయటికి పొడుచుకుని ఉంటాయి. సీలెంట్ ఉన్నన్నాళ్లూ అవి ఉన్నట్టే తెలియదు. ట్యూబు వేసి గాలి పట్టిన మరుక్షణం ప్రతి ముల్లూ ఒక చిల్లు. కాబట్టి చేతికి సాక్సు తొడిగి, టైరు లోపలి గోడ మీద మెల్లగా ఒక చుట్టు రాయండి. సాక్సు దారం ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు. మల్టీటూల్ కొసతో బయటి నుంచి, లేదా లోపల్నుంచి గోటితో లాగేయండి. వేళ్లతో తిన్నగా రాస్తే వేలు తెగుతుంది, సీలెంటు కలిసిన ఎర్రమట్టి ఆ గాయంలోకి వెళ్తుంది.

పక్కగోడ కోసుకుపోయి ఉంటే ట్యూబు ఆ సందులోంచి బుడగలా బయటికొచ్చి పేలుతుంది. అక్కడ లోపలి నుంచి అడ్డం పెట్టాలి. పాత టైరు ముక్క అయితే శ్రేష్ఠం. లేకపోతే ఎనర్జీ జెల్ ప్యాకెట్టు మడత, అదీ లేకపోతే పది రూపాయల నోటు నాలుగు మడతలు. మన నోట్లు పత్తి కాగితంతో చేసినవి, తడిసినా తేలిగ్గా చిరగవు.

ట్యూబుకి ముందు ఆకారం వచ్చేంత గాలి మాత్రమే పట్టండి, చప్పగా ఉంటే మెలికపడుతుంది. వాల్వు రంధ్రంలో పెట్టి, ట్యూబుని టైరులోకి సర్దండి. టైరు అంచుని వాల్వుకి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి, రెండు పక్కలా బొటనవేళ్లతో ఎక్కించుకుంటూ వాల్వు దగ్గర ముగించండి. చివర్లో బిగుసుకుంటే, ఎక్కించిన అంచుని ఎదురు వైపున రిమ్ మధ్య గాడిలోకి నొక్కితే ఇక్కడ వదులవుతుంది. లీవర్ వాడాల్సి వస్తే ట్యూబుని గిల్లకుండా వాడండి. వాల్వుని ఒకసారి లోపలికి నొక్కి వదిలాక గాలి పట్టండి. టైరు మీద రిమ్ వెంబడి సన్నటి గీత ఉంటుంది, అది చుట్టూ సమానంగా కనపడితే టైరు సరిగ్గా కూర్చున్నట్టే.

చక్రం పెట్టాక యాక్సిల్ బిగించి, బ్రేకు లీవర్ రెండు మూడు సార్లు నొక్కి పట్టు వచ్చిందో లేదో చూడండి. ఆ తర్వాతే ఎక్కాలి. పాత ట్యూబూ ఖాళీ కార్ట్రిడ్జూ అడవిలో వదిలేయొద్దు. చాలా రేసుల్లో చెత్త పడేస్తే మిమ్మల్ని రేసులోంచి తీసేస్తారు కూడా.

చెయిన్

పడిపోతే: ముందు పళ్లచక్రం ఒక్కటే ఉన్న బండ్లలో ఆగి, డిరైలర్ కేజ్‌ని (రెండు చిన్న చక్రాలున్న కింది చట్రాన్ని) చేత్తో ముందుకి నెట్టి చెయిన్ వదులు చేసి, పై పళ్లకి నాలుగైదు లింకులు తగిలించి, పెడల్ ముందుకి తిప్పండి. ముందు రెండు, మూడు పళ్లచక్రాలున్న బండ్లలో ఆగకుండానే, లోపలికి పడితే ముందు గేరు పెద్ద దాని వైపు వేసి మెల్లగా తొక్కితే తరచూ అదే ఎక్కుతుంది. క్యాసెట్‌కీ (వెనక పళ్లచక్రాల గుత్తికీ) స్పోకులకీ మధ్య ఇరుక్కుంటే గుంజకండి, యాక్సిల్ వదులు చేసి చక్రం తీస్తే తేలిగ్గా వస్తుంది.

తెగితే ముందు రెండు కొసలూ చూడండి. వంగిన ప్లేటు, బయటికొచ్చిన పిన్ను ఉన్న లింకుని చెయిన్ బ్రేకర్‌తో తీసేయాలి. క్విక్ లింకు రెండు లోపలి లింకుల్ని కలుపుతుంది, కాబట్టి రెండు కొసలా సన్నటి లోపలి ప్లేట్లే మిగలాలి. బ్రేకర్ మొన సరిగ్గా పిన్ను నడుమ ఆనిందో లేదో చూసుకుని తిప్పండి. పక్కకి జారితే ప్లేటు వంగి ఇంకో లింకు పోతుంది.

తర్వాత చెయిన్ని డిరైలర్‌లోంచి దూర్చడం. రెండు చిన్న చక్రాల మధ్య కేజ్‌లో చిన్న లోహపు పలక అడ్డంగా ఉంటుంది, చెయిన్ దాని లోపలి పక్కనుంచి వెళ్లాలి. కంగారులో బయటి నుంచి వేస్తే తొక్కినంతసేపూ కరకరమంటూ రాసుకుంటుంది, మళ్లీ విప్పాలి. కొసలు రెండూ దగ్గరికి రాకపోతే చెయిన్ని ముందు పళ్ల మీద నుంచి లోపలికి దించేయండి, కావలసినంత వదులు వస్తుంది. లింకు తగిలించాక అది పై వరసలోకి వచ్చేలా పెడల్ తిప్పి, వెనక బ్రేకు గట్టిగా పట్టి, పెడల్ మీద ఒక్కసారి బరువు వేయండి. టక్కుమని చప్పుడు వస్తే పడినట్టే. చప్పుడు రాకుండా ఎక్కుడులో తొక్కారో, మోకాలు హ్యాండిల్‌కి తగులుతుంది.

ఒకటి రెండు లింకులు తగ్గాయి కాబట్టి చెయిన్ ఇప్పుడు పొట్టి. ముందు పెద్దది, వెనక పెద్దది కలిపి వేయకండి, డిరైలర్ విరిగిపోతుంది.

క్విక్ లింకు లేకుండా చెయిన్ తెగితే? దిగుడు మిగిలి ఉంటే ఊరికే జారిపోవచ్చు. 2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్ డౌన్‌హిల్ వరల్డ్ కప్‌లో అమెరికా రేసర్ ఆరన్ గ్విన్‌కి స్టార్టింగ్ గేటు దగ్గరే చెయిన్ తెగింది, ఒక్క పెడల్ కూడా తొక్కకుండా దిగి రేసు గెలిచాడు. అయితే అది డౌన్‌హిల్. సింహాచలం ఎక్కుడులో ఆ ముచ్చట చెప్పుకుని లాభం లేదు.

డిరైలర్, హ్యాంగర్

రాయికో వేరుకో తగిలిన చప్పుడు వస్తే గేరు మార్చకుండా ఆగండి. వెనక నిలబడి చూస్తే డిరైలర్ చిన్న చక్రాలు రెండూ పైన ఉన్న పళ్లచక్రంతో ఒకే వరసలో ఉండాలి. కింది కొస స్పోకుల వైపు వంగి ఉంటే హ్యాంగర్ వంగింది. ఈ స్థితిలో ఎక్కుడు వచ్చిందని అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రానికి మార్చారంటే డిరైలర్ స్పోకుల్లోకి దూరుతుంది. అప్పుడు పోయేది ఒక్క హ్యాంగర్ కాదు, డిరైలర్, స్పోకులు, చెయిన్, ఒక్కోసారి ఫ్రేము. రేసుల్లో జేబుకి పెద్ద చిల్లు పడేది ఇక్కడే.

తిన్నగా చేయడానికి: చక్రం బిగించే ఉంచి, డిరైలర్‌ని బోల్టు దగ్గరగా అరచేత్తో పట్టుకుని బయటికి మెల్లగా లాగండి. కొద్దిగా లాగి, చూసి, మళ్లీ లాగండి. హ్యాంగర్లు మెత్తటి అల్యూమినియంతో చేస్తారు, ఫ్రేముకి బదులు అదే పోవాలని. ఒకసారి వంగినదాన్ని తిన్నగా చేయొచ్చు. అటూ ఇటూ రెండు మూడు సార్లు వంచితే విరుగుతుంది. సుమారుగా తిన్నగా వస్తే చాలు, వెనక అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రాలు రెండింటినీ ముట్టుకోకుండా మిగిలినవాటితో వెళ్లండి.

గేరు పడుతూ జారుతుంటే షిఫ్టర్ దగ్గరో డిరైలర్ దగ్గరో ఉన్న, కేబుల్ బిగువు సరిచేసే బ్యారెల్ అడ్జస్టర్‌ని పావు చుట్టు తిప్పి చూడండి. ఎడమకి, అంటే విప్పే వైపుకి తిప్పితే కేబుల్ బిగుస్తుంది, పెద్ద పళ్ల మీదికి ఎక్కడం తేలికవుతుంది. పావు చుట్టుకి మించి ఒకేసారి తిప్పొద్దు, ఎక్కడ మొదలుపెట్టామో మర్చిపోతాం.

కేబుల్ తెగితే స్ప్రింగ్ లాగడంతో డిరైలర్ అన్నిటికన్నా చిన్న పళ్ల మీదికి, అంటే అన్నిటికన్నా బరువైన గేరులోకి, వెళ్లి కూర్చుంటుంది. దాంతో కొండ ఎక్కలేం. హెచ్ అని రాసి ఉన్న స్క్రూని లోపలికి తిప్పుకుంటూ పోతే డిరైలర్ ఒకటి రెండు మెట్లు లోపలికి జరిగి అక్కడే నిలుస్తుంది. తీగ ఫ్రేము బయటి నుంచి వెళ్లే బండ్లలో ఇంకో ఉపాయం ఉంది: మిగిలిన తీగని కావలసిన గేరు వచ్చేదాకా చేత్తో లాగి బాటిల్ కేజ్ బోల్టు కింద బిగించేయడం. వైర్‌లెస్ గేర్లు వాడేవాళ్లకి బ్యాటరీ అయిపోతే, సీటు డ్రాపర్ (సీటుని పైకీ కిందికీ జరిపే గొట్టం) కూడా అదే కంపెనీ వైర్‌లెస్‌దైతే దాని బ్యాటరీ తీసి ఇక్కడ పెట్టుకోవచ్చు.

డిరైలర్ మొత్తం విరిగిపోతే, స్పేర్ హ్యాంగర్ కూడా పనికిరాని పరిస్థితి అయితే, చివరి ఉపాయం ఒకే గేరు బండి చేసుకోవడం. డిరైలర్ని పక్కకి తప్పించి, చెయిన్ని ముందు పళ్ల నుంచి వెనక మధ్య పళ్లచక్రానికి నేరుగా చుట్టి, బిగువుగా ఉండేలా కోసి కలపాలి. ముందు పళ్లకి తిన్నగా ఎదురుగా ఉన్న పళ్లచక్రాన్నే ఎంచుకోండి, కాస్త పక్కదైతే చెయిన్ తనంతట తాను పెద్ద దాని మీదికి ఎక్కి బిగుసుకుపోతుంది. వెనక సస్పెన్షన్ లేని బండిలో ఇది బాగానే నడుస్తుంది. ఫుల్ సస్పెన్షన్ అయితే వెనక భాగం కిందికీ పైకీ ఆడినప్పుడల్లా చెయిన్ పొడవు మారాల్సి వస్తుంది కాబట్టి షాక్ లాక్ చేసి, మెల్లగా వెళ్లాలి.

వాన పడ్డ మర్నాడు ఎర్రమట్టి ముద్దలు ముద్దలుగా డిరైలర్ని పూడ్చేస్తే రిపేరేమీ లేదు, పుల్లతో గీకి, తాగే నీళ్లలో కొంచెం పోసి కడిగేయండి. నీళ్ల దగ్గర కక్కుర్తి పడొద్దు.

బ్రేకులు, చక్రాలు, మిగిలినవి

రోటర్ రాసుకుంటుంటే దాన్ని వెంటనే చేత్తో పట్టుకోకండి, దిగుడు దిగి వచ్చిన రోటర్ పెనంలా కాలుతుంది. కాలిపర్ (ప్యాడ్లు ఉండే భాగం) బోల్టులు రెండూ వదులు చేసి, బ్రేకు లీవర్ గట్టిగా పట్టి ఉంచి, అలాగే మళ్లీ బిగించండి, సగం సార్లు సరిపోతుంది. లీవరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే వేడెక్కింది కావచ్చు, ఒకటి రెండు నిమిషాలు చల్లారనివ్వండి. నూనె కారుతుంటే మాత్రం ఆ బ్రేకు పోయినట్టే. ఒక బ్రేకుతో నిటారు దిగుడు దిగకండి, దిగి నడవండి. రెండూ పోతే రేసు వదిలేయండి, అందులో ఆలోచించడానికేం లేదు.

స్పోకు విరిగితే దాన్ని పక్క స్పోకుకి చుట్టేసి వెళ్లడమే. రిమ్ బాగా పక్కకి వంగి ఫ్రేముకి తగులుతుంటే, చక్రం తీసి వంపు ఉన్న వైపు నేలకేసి కొట్టడం మోటు పనిలా కనిపిస్తుంది గానీ పనిచేస్తుంది. కార్బన్ రిమ్‌తో ఆ పని చేయకండి.

పెడల్ వదులైతే గుర్తుంచుకోండి, ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. మామూలుగా విప్పే వైపు తిప్పితేనే అది బిగుస్తుంది. వదులైన క్రాంకుని అలాగే తొక్కితే మర అరిగి మళ్లీ పట్టదు, చప్పుడు వినపడిన వెంటనే ఆగి బిగించండి.

ఎవరి సాయం తీసుకోవచ్చు

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధనలు పాటించే క్రాస్‌కంట్రీ రేసుల్లో మెకానిక్ సాయం, చక్రం మార్చడం గుర్తించిన ఫీడ్, టెక్నికల్ జోన్‌లలోనే కుదురుతుంది. బయట, ఒకే జట్టు రైడర్లు ఒకరికొకరు చేసుకునే సాయం తప్ప, మీ బండిని మీరే, మీ దగ్గరున్న పరికరాలతో చూసుకోవాలి. సైకిల్ మార్చకూడదు, మొదలుపెట్టిన నంబర్ ప్లేటుతోనే ముగించాలి. జోన్ దాటిపోయాక వెనక్కి, ఎదురు దిశలో రాకూడదు. మన దగ్గర జరిగే చిన్న రేసుల్లో ఇంత పట్టింపు ఉండకపోవచ్చు, ‘ట్యూబు ఉందా గురూ?’ అంటే ఎవరో ఒకరు ఇచ్చేస్తారు. అయినా స్టార్టుకి ముందు బ్రీఫింగ్‌లో అడిగి తెలుసుకోండి, పోడియం మీద నిలబడ్డాక ఫిర్యాదు వస్తే బాగోదు.

జోన్‌లో మీ మనిషి ఉంటే, ఆయనకి ముందు చక్రం, వెనక చక్రం, పంపు ఏ వరసలో పెట్టుకోవాలో ముందే చెప్పండి. అరవాల్సిన మాట కూడా ఒకటే అనుకోండి, ‘ముందు’ లేదా ‘వెనక’ అని.

మళ్లీ ఎక్కాక

పోయిన నాలుగు నిమిషాల్నీ వచ్చే పది నిమిషాల్లో రాబట్టాలని చచ్చేలా తొక్కితే ఊపిరి అందదు, కొత్తగా ఇంకో రాయికి గుద్దుతాం. 2024 జులై 29న పారిస్ ఒలింపిక్స్ క్రాస్‌కంట్రీలో బ్రిటన్ రేసర్ టామ్ పిడ్‌కాక్‌కి ముందు చక్రం పంక్చరైంది. టెక్నికల్ జోన్‌లో చక్రం మార్పించుకుని బయటికొచ్చేసరికి ముందున్నవాళ్లు దూరమైపోయారు. ల్యాపుల మీద ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, చివరి ల్యాపులో ఫ్రాన్స్‌కి చెందిన విక్టర్ కొరెట్స్కీని దాటి బంగారు పతకం గెలిచాడు. కాళ్ల బలం ఆయనది ఆయనదే అనుకోండి. పోయిన టైముని ఒక్క ఎక్కుడులో కాకుండా మిగిలిన రేసంతటి మీదా పరిచాడన్నది మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు.

మొదటి ఐదు నిమిషాలు మామూలుగా తొక్కండి, రిపేరు నిలబడిందో లేదో అప్పుడే తెలుస్తుంది. ప్లగ్ వేసిన టైరుతో రాళ్ల మీద దూకకండి. ఆగినప్పుడు తాగడం, తినడం మర్చిపోయి ఉంటారు, ఇప్పుడు తాగండి. మన ఉక్కపోతలో కండరాలు పట్టేయడానికి టెన్షన్ ఒక్కటే కారణం కాదు.

రేసయ్యాక

అడ్డం పెట్టిన నోటు, జెల్ ప్యాకెట్టు అలాగే వదిలేసి వారం తర్వాత మళ్లీ అదే టైరుతో వెళ్లకండి. కోసుకుపోయిన టైరుకి లోపలి నుంచి గట్టి ప్యాచ్ వేయించండి, పక్కగోడదైతే టైరే మార్చండి. ట్యూబు తీసి, ముళ్లన్నీ పీకి, కొత్త సీలెంట్ పోయండి. క్విక్ లింకుల్లో చాలావాటిని ఒక్కసారే వాడాలని తయారీదారులే చెబుతారు, కాబట్టి చెయిన్ ఒకసారి విప్పితే లింకు కొత్తది వేయండి. చెయిన్‌కి నూనె పూసే ముందు మంచినీళ్లతో కడిగి, బట్టతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తడి చెయిన్ మీద వేసిన నూనె ఉప్పుని లోపలే బంధించేస్తుంది.

వాడేసిన కార్ట్రిడ్జ్ స్థానంలో కొత్తది ఆ రాత్రే పెట్టేయండి. ఖాళీదీ నిండుదీ బ్యాగులో ఒకేలా కనపడతాయి, మూతి దగ్గర సీలు చిల్లుపడిందో లేదో వెలుతుర్లో చూస్తేనే తేడా తెలుస్తుంది.